రాత్రి మిగిలిన డేటాతో బస్సులో కామెడీ

మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం బస్సు నల్లమలలోకి పోగానే సిగ్నల్ సరిగ్గా అందదు. చూస్తున్న సిరీస్ నవ్వొచ్చే చోటే గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతుంది.

రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉంటే, వాడకుండా మిగిలింది అర్ధరాత్రి 12 దాటితే ఎలాగూ పోయేదే. అందుకే బయలుదేరే ముందు రోజు రాత్రి 11 లోపే ఓటీటీ యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి డౌన్‌లోడ్ క్వాలిటీ అన్నింటికంటే తక్కువకు పెట్టి, రెండు మూడు ఎపిసోడ్లు దించుకోండి. ఫోన్ తెరకు ఆ క్వాలిటీ చాలు. హై పెడితే ఒక్క ఎపిసోడ్‌కే డేటా ఖతం.

దించేది కామెడీ అయితే మేలు. ‘సేవ్ ద టైగర్స్’ లాంటివి ఎక్కువగా మాటల మీద నడుస్తాయి. ఎండ పడి తెర మసకబారినా ఇయర్‌ఫోన్‌లో విని నవ్వుకోవచ్చు. చీకటి సీన్లు ఎక్కువుండే క్రైమ్ డ్రామాలు ఇంట్లో టీవీకే ఉంచండి. పగటిపూట కిటికీ పక్కన కూర్చుంటే ఆ తెరలో మన మొహమే కనబడుతుంది. ఏడుపు సీరియస్ కథలు కూడా బస్సు కుదుపుల్లో మనసుకెక్కవు.

ఒక్క జాగ్రత్త: కొన్ని యాప్‌లలో డౌన్‌లోడ్‌ను ఒకసారి ప్లే చేస్తే 48 గంటల్లో గడువు అయిపోతుంది. ఎట్లుందో చూద్దామని రాత్రే తెరిస్తే, తిరుగు ప్రయాణానికి అది ఉండకపోవచ్చు.