డ్రిల్, గ్రైండర్, రంపం మిషను: ఇంటి పనిగదిలో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కింద చెప్పిన ఏ సమస్య ఎదురైనా మొదట చేయవలసింది ప్లగ్గును సాకెట్టు నుంచి పీకి, కంటికి కనిపించేలా బల్లమీద పెట్టుకోవడం. గోడమీది స్విచ్ ఆపితే సరిపోదు. పాత ఇళ్లలో స్విచ్‌ను కరెంటు వచ్చే ఫేజ్ తీగ మీద కాకుండా, తిరిగి పోయే న్యూట్రల్ మీద వేసిన సందర్భాలు ఉంటాయి కనుక, స్విచ్ ఆపిన తర్వాత కూడా మిషను లోపల 230 వోల్టులు ఉండవచ్చు. బ్యాటరీతో నడిచే మిషనైతే బ్యాటరీని పూర్తిగా బయటికి తీయాలి.

మరో మాట కూడా ముందే చెప్పుకోవాలి. ఇంటి పనిగదిలో జరిగే ప్రమాదాలకు మిషను చెడిపోవడం కన్నా, ఒకటి వాడవలసిన చోట ఇంకొకటి వాడడమే ఎక్కువగా కారణమని నా అభిప్రాయం. మార్బుల్ కట్టర్‌తో చెక్క కోయడం, గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించడం, మూడు పిన్నుల సాకెట్టులోకి తీగలను అగ్గిపుల్లలతో దోపడం ఇందుకు ఉదాహరణలు. అందువల్ల కారణం వెతికేటప్పుడు మిషను విప్పడానికి ముందు, ఇక్కడ దేనికి బదులు ఏది వాడుతున్నామో చూసుకోవడం మేలు.

ప్లగ్గు పెట్టగానే మిషను దానంతట అదే తిరగడం

కారణం చాలావరకు స్విచ్ లాక్ అయి ఉండడమే. చిన్న గ్రైండర్లలో ముందుకు జరిపే స్విచ్ ఉంటుంది; జరిపి దాని ముందు కొసను నొక్కితే అక్కడే నిలిచిపోతుంది. డ్రిల్‌కైతే ట్రిగ్గర్ పక్కన చిన్న బొత్తాం ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోతే మిషను ఆగుతుంది, మనం దాన్ని బల్లమీద పెట్టి టీ తాగడానికి వెళతాము, స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉండిపోతుంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు గ్రైండర్ ఎవరూ లేని బల్లమీద గిరగిరా తిరిగి కింద పడుతుంది, లేదా దగ్గరలో ఉన్న పిల్లల మీదికి వస్తుంది.

కరెంటు పోయిన క్షణంలోనే మిషను స్విచ్ ఆపి ప్లగ్గు తీయడం అలవాటు చేసుకోవాలి. చేత్తో పట్టుకుని చేసే డ్రిల్లింగుకు లాక్ బొత్తాం అవసరమే ఉండదు, దాన్ని వాడకుండా ఉండడమే మంచిది. కొత్త గ్రైండర్ కొనేవారు, నొక్కి పట్టుకున్నంతసేపే నడిచే ప్యాడిల్ స్విచ్ రకాన్ని గానీ, కరెంటు తిరిగి వచ్చినా తనంతట తాను మొదలవని సదుపాయం ఉన్న రకాన్ని గానీ ఎంచుకోవచ్చు. లాక్ లేకుండానే తిరుగుతుంటే స్విచ్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయని అర్థం. అప్పుడు స్విచ్ మార్పించేదాకా ఆ మిషను వాడకూడదు.

మిషను ముట్టుకుంటే జివ్వుమనడం, షాక్ కొట్టడం

కాళ్లకు చెప్పులు వేసుకుంటే జివ్వుమనడం లేదని సరిపెట్టుకునేవారు ఉన్నారు. అది పరిష్కారం కాదు. నేల తడిగా ఉన్న రోజునో, మరో చేయి ఇనుప గ్రిల్లును తాకిన రోజునో అదే లీకేజీ ప్రాణాంతకమవుతుంది. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా చూడాలి.

ముందు మిషను మీది ప్లేటు చదవాలి. చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండంచెల ఇన్సులేషన్ ఉన్న మిషను. దానికి ఎర్త్ తీగ ఉండదు, రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది. అలాంటి మిషను షాక్ కొట్టిందంటే లోపలి ఇన్సులేషన్ దెబ్బతినైనా ఉండాలి, లేదా లోహపు పొడి చేరైనా ఉండాలి. గ్రైండర్ల విషయంలో ఈ రెండో కారణం చాలామందికి తట్టదు. ఇనుము కోస్తున్నప్పుడు రాలే సన్నని పొడిని మోటారు ఫ్యాన్ గాలితో పాటు లోపలికి లాక్కుంటుంది, అది కాయిళ్ల మధ్య పేరుకుని కరెంటుకు దారి ఇస్తుంది. ఇనుము ఎక్కువగా కోసేవారు పని అయ్యాక బయటికి తీసుకెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, గాలి రంధ్రాలను పొడి గాలితో ఊదాలి. అప్పుడప్పుడు మెకానిక్ చేత విప్పించి శుభ్రం చేయించాలి.

ఆ గుర్తు లేకుండా మూడు తీగల వైరు ఉన్న మిషనైతే ఎర్తింగ్ వైపు చూడాలి. ప్లగ్గులో ఆకుపచ్చ తీగ ఊడిపోయి ఉండవచ్చు. పొడవు చాలక ఎవరైనా కత్తిరించి ఉండవచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నా, గోడలోని సాకెట్టు పై రంధ్రం వెనక అసలు తీగే లేకపోవచ్చు. సాకెట్టుకు మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఇంటికి ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. దీన్ని ఎలక్ట్రీషియన్ చేత పరీక్షించుకోవాలి. అయితే ఆయన సాకెట్టులోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపి ‘ఎర్తింగ్ వచ్చేసింది’ అంటే ఒప్పుకోకూడదు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున మిషను ఒంటి మీద మొత్తం 230 వోల్టులు నిలబడతాయి.

వైరు మిషనులోకి దూరే చోట రబ్బరు చీలిందేమో కూడా చూడాలి, ఎందుకంటే వైరు ఎక్కువగా వంగేది అక్కడే. ఇన్సులేషన్ టేపు చుట్టడం తాత్కాలికంగా కూడా పనికిరాదు. చీలిన భాగాన్ని కోసేసి, మిగిలిన వైరును లోపలి బిగింపు కింద సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ కలపాలి.

వీటన్నిటితో పాటు పనిగది లైనుకు, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ఎంసీబీ ఉంది కదా అనుకోకూడదు. ఎంసీబీ అంటే కరెంటు పరిమితి మించినప్పుడు పడిపోయే స్విచ్; అది వైరింగును కాపాడేది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దాన్ని పడగొట్టేంత పెద్దది కాదు. 100 లేదా 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అగ్నిప్రమాదాలను ఆపడానికి ఉద్దేశించినది, మనుషుల రక్షణకు అది చాలదు. మనం పెట్టించుకున్న దాని మీది టెస్ట్ బొత్తాన్ని నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడాలి. ఫలానా మిషను పెట్టినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతోందంటే లోపం ఆ మిషనులోనే ఉంది. ఆర్‌సీసీబీని తప్పించి ఆ మిషనును వేరే లైను నుంచి నడపడం ఎంతమాత్రం తగదు. ఆర్‌సీసీబీ ఉన్నా ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే అది గుర్తించలేదని కూడా తెలిసి ఉండాలి.

గాలి రంధ్రాల్లోంచి మెరుపులు, కాలిన వాసన

బ్రష్‌లున్న (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలున్న) మోటారులో చిన్న నీలి మెరుపులు సహజం. నారింజ రంగు మెరుపులు ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్టూ వలయంలా కనిపిస్తే మాత్రం కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి, లేదా కమ్యూటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి వలయం) మసిబారి ఉంటుంది. బ్రష్ పొడవు 5, 6 మిల్లీమీటర్లకు తగ్గితే జత మొత్తం మార్చాలి. కొలతలో దగ్గరగా ఉందని వేరే మోడల్ బ్రష్‌ను అరగదీసి దోపితే అది గూటిలో ఇరుక్కుని ఇంకా ఎక్కువ మెరుపులు వస్తాయి. కొత్త బ్రష్‌లు వేసినా వాసన తగ్గకపోతే ఆర్మేచర్ చుట్ట కాలినట్టే. చవక మిషనుకు కొత్త ఆర్మేచర్ వేయించడం కన్నా మిషను మార్చడమే చాలాసార్లు లాభం.

మెరుపులేమీ లేకుండా వేడి మాత్రమే ఎక్కువైతే, బలంగా నొక్కి వేగాన్ని చంపుతున్నామని అర్థం. నొక్కుడు తగ్గించి, ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా తిప్పితే ఫ్యాన్ గాలికి మోటారు చల్లబడుతుంది.

ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కడం, మిషను నీరసించడం

1,400 వాట్ల రంపం మిషను సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో చేసిన 30 మీటర్ల చవక ఎక్స్‌టెన్షన్‌లో రానూ పోనూ తీగ నిరోధం 2.3 ఓమ్‌లకు పైనే ఉంటుంది. అంటే 14 వోల్టుల దాకా దారిలోనే పోతాయి, 80 వాట్లకు మించిన వేడి ఆ వైరులోనే పుడుతుంది. వైరును పరిచి ఉంచితే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. చుట్టగానే ఉంచి వాడితే మధ్య పొరలు కరిగి అతుక్కుంటాయి. రంపం, పెద్ద డ్రిల్ లాంటి వాటికి కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు వాడి, చుట్టను పూర్తిగా విప్పాలి.

గ్రైండర్ డిస్కు ఊగడం, పగలడం

చేతిలోని గ్రైండర్ కొత్తగా వణకడం మొదలుపెడితే ఆ కోత పూర్తి చేద్దామని చూడకూడదు. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి తగిన డిస్కు మీద హద్దుగా 15,300 చుట్లు, అంచు వేగం సెకనుకు 80 మీటర్లు అని ముద్రించి ఉంటుంది. సెకనుకు 80 మీటర్లంటే గంటకు 288 కిలోమీటర్లు. 11,000 చుట్ల దగ్గర అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది; పగిలిన ముక్క ఎగిరేది దాదాపు ఆ వేగంతోనే.

అరిగి చిన్నదైన 7 అంగుళాల డిస్కును గార్డు తీసేసి 4 అంగుళాల గ్రైండర్‌కు బిగించడం అన్నిటికన్నా ప్రమాదకరమైన కారణం. ఆ డిస్కు హద్దు 8,500 చుట్లు. 11,000 చుట్ల దగ్గర, అదే వ్యాసానికి దాన్ని చీల్చే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైగా దాని రంధ్రం 22 మిల్లీమీటర్లు, చిన్న గ్రైండర్ డిస్కుది 16. ఆ ఖాళీని ఏదో వాషరుతో నింపితే డిస్కు మధ్యకు రాదు, ఊగడం మొదలవుతుంది. ‘కొంచెం జాగ్రత్తగా వాడండి, ఏం కాదు’ అని దుకాణాల్లో చెప్పే మాటను వినకూడదు.

డిస్కు సరైనదే అయినా ఊగుతుంటే లోపలి ఫ్లాంజ్ (డిస్కు వెనక ఆనే లోహపు బిళ్ల) తిరగేసి వేశామేమో, దాని మీద మట్టి పేరుకుందేమో చూడాలి. రంధ్రం చుట్టూ ఉన్న లోహపు వలయం మీద నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. అది గడువు తేదీ. రెజిన్‌తో అతికించిన ఈ డిస్కులు తేమకు బలం కోల్పోతాయి కనుక వానాకాలంలో వీటిని నేలమీద పెట్టకూడదు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న కటింగ్ డిస్కు పక్క భాగంతో అంచులు రుద్దడం కూడా అది పగలడానికి సాధారణ కారణమే. రుద్దడానికి 6 మిల్లీమీటర్ల గ్రైండింగ్ డిస్కు వేరే ఉంటుంది. కొత్త డిస్కు వేసిన ప్రతిసారీ, గార్డును మనకూ డిస్కుకూ మధ్య ఉండేలా తిప్పి, ఒక నిమిషం ఖాళీగా నడిపి చూడాలి.

గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించడానికి సురక్షితమైన పద్ధతి అంటూ లేదు. పళ్లు చెక్కలో పట్టుకున్న క్షణంలో మిషను చేతిలోంచి ముఖం వైపు లేస్తుంది.

రంపం మిషను వెనక్కి తన్నడం

చెక్కలో సగం దూరం పోయాక బ్లేడు బిగుసుకుని, మిషను మొత్తం ఒక్కసారిగా పైకి లేచి మన వైపు దూకుతుంది. బ్లేడు వెనక వైపు పళ్లు పై నుంచి కిందికి దిగుతూ ఉంటాయి. కోసిన చీలిక మూసుకుపోయి చెక్క వాటిని నొక్కితే అవి ఎక్కే ప్రయత్నంలో మిషనును విసిరేస్తాయి. చీలిక మూసుకోవడానికి కారణం చాలావరకు ఆధారమే. ప్లైవుడ్ షీటు రెండు కొసలను రెండు స్టూళ్ల మీద పెట్టి మధ్యలో కోస్తే, కోత సాగేకొద్దీ మధ్యభాగం కుంగి బ్లేడును పిండేస్తుంది. కోత గీతకు రెండు వైపులా రెండేసి ఆధారాలు పెట్టాలి, లేదా నేలమీద మందపాటి థర్మోకోల్ షీటు పరిచి, ప్లైవుడ్‌ను పూర్తిగా దాని మీద ఉంచి కోయాలి. బ్లేడు చెక్క కిందికి ఒక పన్ను పొడవుకు మించి దిగకూడదు. నిలబడవలసింది బ్లేడు వరుసలో కాదు, పక్కకు. పాత తలుపుల చెక్క కోసేటప్పుడు మేకులు ఉన్నాయేమో అయస్కాంతంతో వెతకాలి.

మార్బుల్ కట్టర్‌తో చెక్క కోయడం మన వడ్రంగుల్లో ఎంత మామూలైపోయినా, ఇంట్లో కొత్తగా నేర్చుకునేవారు అనుసరించదగినది కాదు. 7 అంగుళాల రంపం మిషను 5,000 నుంచి 6,000 చుట్లు తిరుగుతుంది, కోత ముగియగానే దాని కింది గార్డు స్ప్రింగుతో మూసుకుంటుంది. మార్బుల్ కట్టర్ 12,000 చుట్లకు పైగా తిరుగుతుంది, దానికి పై సగం గార్డు తప్ప కింద ఏమీ ఉండదు. చెక్కలోంచి తీసి తొడ పక్కకు దించినప్పుడు కూడా పళ్లు తిరుగుతూనే ఉంటాయి.

డ్రిల్ చేతిని మెలితిప్పడం

రేకుకు రంధ్రం అవతలికి తేలే క్షణంలో గానీ, శ్లాబులో ఇనుప చువ్వ తగిలినప్పుడు గానీ బిట్టు ఆగిపోతుంది, దాని బదులు మిషను తిరుగుతుంది. పక్క హ్యాండిల్ తప్పక బిగించి, తక్కువ వేగం పెట్టి, రంధ్రం తేలబోతుండగా నొక్కుడు తగ్గించాలి. చిన్న ముక్కలను చేత్తో పట్టుకోకుండా వైస్‌లో బిగించాలి. చేతి తొడుగులు, వదులు చొక్కా, లుంగీ, చున్నీ, మణికట్టు తాడు తిరిగే బిట్టుకు చుట్టుకునేవే కనుక వాటితో డ్రిల్ దగ్గరకు రాకూడదు. గోడకైతే స్విచ్‌బోర్డులకు నిలువుగా, అడ్డంగా నేరుగా ఉన్న గీతల్లో రంధ్రం వేయకూడదు. తీగల పైపులు సాధారణంగా ఆ దారుల్లోనే పోతాయి.

కంట్లో నలుసు, దగ్గు

మామూలు కళ్లజోడు పక్కల నుంచి వచ్చే రవ్వలను ఆపదు. పక్కలు మూసిన రక్షణ కళ్లజోడు కావాలి. ఇనుప నలుసు పడితే నలపకూడదు, నీళ్లతో కడగాలి, పోకపోతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఆలస్యమైతే నల్లగుడ్డు మీద తుప్పు వలయం ఏర్పడుతుంది. రంపపు పొట్టు విషయంలో ముక్కుకు రుమాలు చాలదు: చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ముఖానికి సరిగ్గా అంటుకునే ఎన్95 మాస్కు వాడాలి.

పని ముగిసిన గంటల తర్వాత పనిగదిలో పొగ

గ్రైండర్ రవ్వలు రంపపు పొట్టులో పడి పైకి కనబడకుండా రాజుకోవడం ఒక కారణం. అందుకే ఇనుప పని, చెక్క పని ఒకే చోట చేయవలసి వస్తే ముందు పొట్టు ఊడ్చి, థిన్నర్ డబ్బాలు బయట పెట్టి, పని అయ్యాక అరగంట కనిపెట్టి ఉండాలి. రెండో కారణానికి నిప్పే అక్కరలేదు. అవిసె నూనె ఉన్న పాలిష్‌తో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె ఆరుతూ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, మడతల్లో ఆ వేడికి పోయే దారి ఉండదు, చివరికి గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఆ గుడ్డలను బయట తీగమీద ఒక్కొక్కటిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వాలి, లేదా నీళ్లు నింపిన మూత ఉన్న రేకు డబ్బాలో ముంచి ఉంచాలి.