మూడు బిందువులిస్తే త్రిభుజ వైశాల్యం ఎలా కట్టాలి?

హనుమకొండలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. నిరూపక జ్యామితిలో త్రిభుజ వైశాల్యం అనగానే వాళ్లు భయపడేది లెక్కకు కాదు, ఆ పొడవాటి సూత్రానికి. ఆరు నిరూపకాలు (బిందువుల ఎక్స్, వై విలువలు), మూడు బ్రాకెట్లు, మధ్యమధ్య మైనస్‌లు, పరీక్ష హాల్లో టెన్షన్ మీద ఏ వై లోంచి ఏ వై తీసేయాలో ఓ పట్టాన గుర్తుకు రాదు. సూత్రం నేర్చుకోవద్దని కాదు, అదే లెక్కను పొట్టిగా చేసే పద్ధతి ఉంది, ముందు దానికి చేయి అలవాటు చేసుకోండి.

లెక్క చూడగానే గుణకారాలు మొదలుపెట్టొద్దు. ఏ రెండు బిందువులకైనా వై ఒకటేనా, ఎక్స్ ఒకటేనా చూడండి. (1, 2), (7, 2), (3, 6) ఇచ్చారనుకోండి, మొదటి రెండింటికీ వై 2 కాబట్టి ఆ భుజం అడ్డంగా ఉంది. భూమి 7 − 1 = 6, ఎత్తు 6 − 2 = 4, రెండూ గుణించి సగం చేస్తే 12 చదరపు యూనిట్లు. అయిపోయింది.

అలా లేనప్పుడు ఒక శీర్షాన్ని, అంటే ఒక మూలను, మూలబిందువు (0, 0) దగ్గరికి జరపండి. త్రిభుజాన్ని ఉన్నదున్నట్టు పక్కకు జరిపితే వైశాల్యం మారదు, కిటుకంతా అదే. (−2, 3), (4, −1), (1, 5) తీసుకుందాం. మొదటి బిందువును మిగతా రెండింట్లోంచి తీసేయండి. రెండోది 4 − (−2) = 6, −1 − 3 = −4, అంటే (6, −4). మూడోది (3, 2). ఇప్పుడు అడ్డగుణకారం: 6 × 2 = 12, 3 × (−4) = −12, తేడా 12 − (−12) = 24, సగం 12. తేడా మైనస్‌లో వస్తే ఆ గుర్తు వదిలేసి సగం చేయాలి. ఎక్కువ మంది తప్పు చేసేది 4 − (−2) దగ్గర, బ్రాకెట్ రాయకుండా 2 వేసేస్తారు. ఎంత తొందరున్నా బ్రాకెట్ రాయాల్సిందే.

జవాబు సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు. నిరూపకాలన్నీ పూర్ణసంఖ్యలైతే వైశాల్యం 12 లాగానో 12.5 లాగానో రావాలి, 12.3 వచ్చిందంటే ఎక్కడో తప్పింది. ఇంకోటి, మూడు బిందువులూ పట్టేలా నిలువు, అడ్డం గీతలతో దీర్ఘచతురస్రం ఊహించుకోండి. పై లెక్కలో అది 6 × 6 = 36, త్రిభుజం అందులో సగం, అంటే 18, దాటదు.

తేడా సున్నా వస్తే త్రిభుజమే లేదు, మూడు బిందువులూ సరేఖీయాలు, అంటే ఒకే గీత మీద ఉన్నాయి. వైశాల్యమిచ్చి నిరూపకం అడిగితే మాత్రం జాగ్రత్త: (1, 1), (5, 1), (2, కె) వైశాల్యం 6 అయితే ఎత్తు 3 రావాలి, అది పైకీ ఉండొచ్చు, కిందికీ ఉండొచ్చు, కాబట్టి కె విలువ 4 లేదా −2. ఒక్కటే రాసి మార్కులు పోగొట్టుకోకండి, నాకు అన్నిటికంటే బాధనిపించేది అదే.

ఈ లెక్క పొలం దగ్గరా పనికొస్తుంది. మా వైపు ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ పక్కన మూడు మూలల ముక్కలు మిగిలిపోతుంటాయి. ఒక మూలను (0, 0) అనుకుని, అక్కడి నుంచి తాడు ఒకటి తిన్నగా లాగండి. మిగతా ఒక్కో మూల తాడు వెంట ఎన్ని గజాలు, తాడు నుంచి పక్కకు ఎన్ని గజాలు ఉందో కొలవండి. రెండు మూలలూ తాడుకు ఒకే వైపు ఉండి (40, 10), (11, 33) వచ్చాయనుకుంటే 40 × 33 − 11 × 10 = 1210, సగం 605 చదరపు గజాలు. గుంటకు 121 చదరపు గజాలు కాబట్టి సరిగ్గా 5 గుంటలు. పక్కకు కొలిచేటప్పుడు టేపు తాడుకు లంబంగా ఉండాలి. అనుమానముంటే 3, 4, 5 గజాల భుజాలతో త్రిభుజం పరిచి ఆ మూల సరిచూసుకోండి.