లెటింగ్ ఏజెంటు పని నేర్చుకుందాం – 4వ పాఠం: అద్దెదారు పరిశీలన, అద్దె రక్షణ బీమా

యజమాని తరఫున ఇల్లు అద్దెకు ఇప్పించేవాడే లెటింగ్ ఏజెంటు. గత పాఠంలో ఇల్లు చూపించడం దగ్గర మొదలుపెట్టి, హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు తనకే ఉంచమని దరఖాస్తుదారు ముందుగా కట్టే సొమ్ము) తీసుకునేవరకు వచ్చాము. ఆ డిపాజిట్ ఒక వారం అద్దెకు మించరాదని, వేరే గడువు రాసుకుంటే తప్ప 15 రోజుల్లో ఒప్పందం తేలిపోవాలని 2019 నాటి టెనెంట్ ఫీజెస్ చట్టం చెబుతున్నదని చూశాము. ఆ 15 రోజుల్లో ఏజెంటు చేయవలసిన పరిశీలన, దాని మీద ఆధారపడి తీసుకునే అద్దె రక్షణ బీమా (అద్దెదారు అద్దె కట్టకపోతే యజమానికి చెల్లించే బీమా) ఈ పాఠంలోని విషయాలు. నేను చెప్పేదంతా ఇంగ్లండు చట్టానికి సంబంధించినది. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండుల్లో నియమాలు వేరు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు పరిశీలనను ఒక పనిగాను, బీమాను మరొక పనిగాను విడదీసి చూస్తారు. నేనూ మొదట్లో అలాగే చూశాను. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో శుక్రవారం సాయంత్రం తాళాలు ఇచ్చేయాలన్న తొందరలో, హామీదారు (అద్దెదారు కట్టకపోతే తాను కడతానని ఒప్పుకునే వ్యక్తి) జీతం గురించిన జవాబు రాకముందే ఒప్పందం మీద సంతకాలు చేయించాము. జవాబు సోమవారం వచ్చింది, అంతా సవ్యంగానే ఉంది. ఎనిమిది నెలల తరువాత అద్దె ఆగిపోయి క్లెయిమ్ పెట్టినప్పుడు, హామీదారు పరిశీలన పూర్తికాకముందే అద్దె ఒప్పందం మొదలైందని, అది పాలసీ షరతుకు విరుద్ధమని బీమా సంస్థ తిప్పి పంపింది. అవి రెండూ ఒకే పని అని నాకు ఆ రోజు అర్థమైంది. తాళాలు చేతులు మారిన క్షణానికి ఫైలులో ఏ కాగితం ఏ తేదీతో ఉన్నదో, పాలసీ విలువ అంతే.

ముందుగా ఆదాయం లెక్క చూద్దాము. నెల అద్దెకు కనీసం 30 రెట్లు వార్షికాదాయం ఉండాలనేది ఈ రంగంలో వాడుకలో ఉన్న కొలత. హామీదారుకు సాధారణంగా 36 రెట్లు అడుగుతారు. అద్దె 1,100 పౌండ్లయితే అద్దెదారుకు 33,000 పౌండ్ల ఆదాయం కావాలి. నెలకు 2,800 పౌండ్ల జీతమున్న వ్యక్తి ఏడాదికి 33,600 సంపాదిస్తాడు కాబట్టి గట్టెక్కుతాడు. అయితే ఆ 2,800 నిజమేనా అన్నది అసలు ప్రశ్న.

ఇప్పుడు సెప్టెంబరు నెలాఖరున ఇచ్చిన ఒక పే స్లిప్‌ను ముందు పెట్టుకుందాము. బ్రిటన్‌లో పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది గనుక ఆ స్లిప్ మీద పన్ను నెల 6 అని ఉండాలి. ఏడాది మొదటి నుంచి అదే ఉద్యోగంలో అదే జీతం ఉంటే ‘ఇప్పటివరకు మొత్తం’ అనే గడిలో 16,800 కనిపించాలి. పన్ను కోడ్ (ఎంత ఆదాయానికి పన్ను లేదో తెలిపే గుర్తు) 1257ఎల్ అయితే నెలకు 1,047 పౌండ్ల పైచిలుకు పన్ను లేకుండా పోతుంది, మిగిలిన దానిపై 20 శాతం అంటే సుమారు 350 పౌండ్లు ఆదాయపు పన్ను, 8 శాతం చొప్పున సుమారు 140 పౌండ్లు నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వ సామాజిక బీమా) కోత పడతాయి. పింఛను కోత లేకపోతే చేతికి వచ్చేది 2,310 పౌండ్లకు దగ్గరగా ఉండాలి, ఆ అంకె బ్యాంకు స్టేట్‌మెంటులో అదే పైసలతో సహా కనబడాలి. దొంగ స్లిప్ తయారుచేసేవారు పైన జీతం మారుస్తారు గాని, కింద ఉన్న మొత్తాలను సరిచూసుకోవడం తరచు మరచిపోతారు. అయినా అంకె తేడా కనబడగానే మోసమని తేల్చకండి. మొత్తం గడిలో 14,000 మాత్రమే ఉంటే, అతను మే నెలలో చేరి ఉండవచ్చు. దరఖాస్తులో మూడేళ్లుగా అక్కడే పనిచేస్తున్నానని రాసి ఉంటే మాత్రం అడగవలసిందే, ఆ జవాబును తేదీ వేసి ఫైలులో పెట్టవలసిందే.

ఉద్యోగమిచ్చిన యజమాన్యాన్ని సంప్రదించేటప్పుడు దరఖాస్తుదారు ఇచ్చిన మొబైల్ నంబరుకు ఫోన్ చేసి ఊరుకోకూడదు. కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్ రికార్డులో ఆ కంపెనీ ఉన్నదో లేదో చూసి, దాని సొంత వెబ్‌సైటులోని నంబరుకు చేయాలి. పాత ఇంటి యజమాని విషయంలోనూ అంతే: ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్ది రుసుము కడితే ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నదో తెలుస్తుంది. ‘పాత యజమాని’గా మాట్లాడినది స్నేహితుడే అయితే ఆ ఒక్క రికార్డుతో బయటపడుతుంది.

అప్పుల చరిత్ర ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ వంటి సంస్థల దగ్గర ఉంటుంది. అప్పు కట్టమని కౌంటీ కోర్టు ఇచ్చిన తీర్పు సొమ్మును నెలలోపు చెల్లించేస్తే, ఆ తీర్పు రికార్డులోంచి తొలగిపోతుంది, లేకపోతే ఆరేళ్లు నిలుస్తుంది. ఇక్కడ మనవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఉద్యోగ వీసా మీద వచ్చి రెండు నెలలైన మనిషికి ఈ దేశంలో అప్పుల చరిత్రే ఉండదు. మచ్చ ఉండటం వేరు, చరిత్ర లేకపోవడం వేరు. పేరు చిక్కు దానికి తోడవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, బ్యాంకు ఖాతాలో అదే పేరు ముందువెనుకలై ఇంకొకచోట, పే స్లిప్‌లో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం ఉంటే, కంప్యూటరు వాళ్లను ముగ్గురు మనుషులుగా చూసి ‘వివరాలు సరిపోలలేదు’ అంటుంది. తెలుగు తెలిసిన ఏజెంటుకు ఇది చూడగానే అర్థమవుతుంది. పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే పేరు నమోదు చేయించి, మిగిలిన రూపాలు కూడా అదే వ్యక్తివని ఒక వివరణ జతపరిస్తే చాలా ఫైళ్లు ఒక్క పూటలో తేలిపోతాయి.

ఇలాంటివారు మునుపు ఆరు నెలల అద్దె ముందుగా కట్టి ఇల్లు సంపాదించుకునేవారు. 2025 నాటి రెంటర్స్ రైట్స్ చట్టం కింద 2026 మే 1 నుంచి ఆ దారి మూసుకుపోయింది: ఒప్పందం కుదరకముందు అద్దె అడగరాదు, ఇచ్చినా పుచ్చుకోరాదు, కుదిరిన తరువాత, అద్దె కాలం మొదలయ్యేలోగా ఒక నెల అద్దెకు మించి అడగరాదు. కాబట్టి ఇకపై వారికి మిగిలిన దారులు హామీదారు, బీమా సంస్థ అంగీకరించే ఉద్యోగ పత్రాలు. దరఖాస్తుదారు పే స్లిప్ లేకుండా వచ్చినంత మాత్రాన తలుపు మూయవద్దు. ఉద్యోగ ఒప్పందపత్రం, స్వదేశంలో అందుకున్న మూడు నెలల జీతాల ఆధారం తీసుకుని, అవి చాలునా అని బీమా సంస్థను ముందే రాతలో అడగండి.

రైట్ టు రెంట్ (ఈ దేశంలో ఇల్లు అద్దెకు తీసుకునే హక్కు) పరిశీలన గురించి 6వ పాఠంలో విడిగా చెబుతాను. ఇప్పటికి ఇంతే గుర్తుంచుకోండి: ఇంట్లో ఉండబోయే పెద్దవారందరికీ, రంగూ యాసా చూడకుండా, ఒకే తీరున చేయాలి, ఆన్‌లైన్ పరిశీలనకు ఇచ్చే తొమ్మిది అక్షరాల షేర్ కోడ్ ఆర్‌తో మొదలవ్వాలి, తెర మీద కనబడే ఫొటోను మనిషితో పోల్చి చూడాలి.

ఇక బీమా. ఇది ఎందుకు కావాలో లెక్క వేస్తేనే తెలుస్తుంది. 1,100 పౌండ్ల అద్దెకు చట్టం అనుమతించే డిపాజిట్ ఐదు వారాల అద్దె, అంటే 1,269 పౌండ్లు; ఒక నెలకు కాస్త ఎక్కువ. జూన్ 1 నుంచి అద్దె ఆగిపోయిందనుకోండి. కొత్త చట్టం ప్రకారం తప్పనిసరి స్వాధీనానికి (కోర్టు ఇల్లు యజమానికి అప్పగించక తప్పని పరిస్థితికి) మూడు నెలల బకాయి ఉండాలి, ఆ పైన నాలుగు వారాల నోటీసు ఇవ్వాలి. అంటే ఆగస్టులో నోటీసు, సెప్టెంబరులో కోర్టు దరఖాస్తు, ఆ తరువాత విచారణ, ఉత్తర్వు, అప్పటికీ కదలకపోతే బెయిలిఫ్ (కోర్టు ఉత్తర్వును అమలుచేసి ఇల్లు ఖాళీ చేయించే అధికారి) కోసం వేచి ఉండటం. జనవరి వరకు సాగితే బకాయి 8,800 పౌండ్లు. అందుకే పాలసీ ఎన్ని నెలల అద్దె చెల్లిస్తుందన్నది మొదట చూడాలి: ఆరు నెలల పాలసీ ఈ ఉదాహరణలో ఇల్లు చేతికి రాకముందే అయిపోతుంది. ఎక్సెస్ పేరుతో మొదటి నెల అద్దె యజమాని మీదే పడుతుందా, వకీలు ఖర్చులు కలిసే ఉన్నాయా, బకాయి పడ్డ ఎన్ని రోజుల్లో తెలియజేయాలి అన్నవి తరువాతి ప్రశ్నలు. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ‘వచ్చే వారం కడతాను’ అన్న మాట నమ్మి ఎదురుచూస్తే గడువు దాటిపోతుంది. అద్దెదారుతో మర్యాదగా మాట్లాడుతూనే తెలియజేయవలసినచోట తెలియజేయండి.

డిపాజిట్‌ను 30 రోజుల్లో గుర్తింపు పొందిన పథకంలో భద్రపరచిన సర్టిఫికెట్టు కూడా క్లెయిమ్ కాగితాల్లో ఉండాలి.

ప్రీమియం యజమాని భరించాలి. దాన్ని గాని, పరిశీలన ఖర్చును గాని అద్దెదారు నెత్తిన వేయడం నిషేధం. ఇంకో హద్దు కూడా ఉంది: బీమా అమ్మకం ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ పర్యవేక్షణలోని వ్యాపారం. మీ సంస్థకు అనుమతి గాని, అనుమతి ఉన్న సంస్థకు ప్రతినిధి హోదా గాని లేకుండా ‘ఈ పాలసీ మీకు సరిగ్గా సరిపోతుంది’ అని యజమానికి చెప్పకూడదు. పరిచయం చేసే హోదా మాత్రమే ఉంటే వివరాలు అందించి, అక్కడితో ఆగాలి.

అభ్యాసం: నెల అద్దె 1,350 పౌండ్లు. భార్యాభర్తలు కలిసి దరఖాస్తు చేశారు. ఆమెకు మూడేళ్లుగా ఆసుపత్రిలో ఉద్యోగం, ఏడాదికి 31,000 పౌండ్లు. అతను గుంటూరు నుంచి వచ్చి ఐదు వారాలైంది, పార్ట్‌టైమ్ పనిలో ఏడాదికి 8,000 వచ్చే వీలుంది, ఇంకా ఒక్క పే స్లిప్పే ఉంది. ఆరు నెలల అద్దె ముందే కడతామంటున్నారు. కావలసిన ఆదాయమెంత, ఎంత తక్కువైంది, హామీదారుకు ఎంత ఆదాయం ఉండాలి, అతని నుంచి ఏ కాగితాలు అడుగుతారు, ముందస్తు అద్దె విషయంలో వారికి ఏమని జవాబు రాస్తారు అన్నవి ఒక పేజీలో రాయండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను.