బరువు తగ్గాలంటే ముందు నూనె కొలవండి

పద్నాలుగు నెలల్లో 82 కిలోల నుంచి 71కి వచ్చాను. నెలకు కిలో కూడా కాదు. కానీ తగ్గింది మళ్లీ పెరగలేదు, నా కోసమని వేరే వంటా చేసుకోలేదు. మా విజయవాడ వన్‌టౌన్‌లో అడిగినవాళ్లందరికీ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి వారం తిండి ఏమీ మార్చకండి. తిన్నది తిన్నట్టు ఒక నోట్‌బుక్‌లో రాయండి. వంట చేస్తూ రుచి చూసింది, పిల్లలు వదిలేస్తే తిన్న ముద్ద, అన్నీ. నా నోట్‌బుక్‌లో రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార తేలాయి. ఒక్కసారిగా మానలేదు. పది రోజులకోసారి అర చెంచా తగ్గించాను.

తర్వాత నూనె. మన కృష్ణా, గుంటూరు వంటల్లో అసలు సంగతి ఇక్కడే ఉంది. మా ఇంట్లో నలుగురం, నెలకు ఐదు లీటర్లు అయిపోయేది. అంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైనే. గ్రాము పిండిపదార్థంలో 4 క్యాలరీలుంటే గ్రాము నూనెలో 9 ఉంటాయి. ఇప్పుడు నెలకు మూడు లీటర్లే కొంటున్నాను. రోజూ పొద్దున్నే 100 మిల్లీలీటర్లు కొలిచి చిన్న స్టీలు గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెడతాను. నలుగురికీ టిఫిను, కూర, తాలింపు అన్నీ అందులోనే. డబ్బా ఎత్తి మూకుట్లోకి వంపితే ఎంత పడిందో తెలియదు.

వంకాయ వేపుడు చేసే పద్ధతి కూడా మార్చాను. పచ్చి ముక్కల మీద నూనె పోస్తే అంతా పీల్చేసుకుని ఇంకా పోయమంటుంది. అందుకే ముందు ఉప్పేసి, కాసిని నీళ్లు చిలకరించి, మూత పెట్టి మగ్గనిస్తాను. ముక్క మెత్తబడ్డాక రెండు చెంచాల నూనె, వెల్లుల్లి కారం వేసి పెద్ద మంట మీద తిప్పితే అంచులు ఎర్రగా వేగుతాయి. మా అత్తయ్యగారు తేడా కనిపెట్టలేదు.

అన్నం మానెయ్యమని నేను చెప్పను. మూడు హస్తాలు తినేదాన్ని ఒకటిన్నరకు వచ్చాను. కంచంలో ముందు సగం కూర పెట్టుకోండి, పక్కన పప్పు, మిగిలిన చోట అన్నం. కందిపొడి, చెంచా నెయ్యితో మొదటి ముద్ద అలాగే ఉంచుకున్నాను. అది లేకపోతే నాకు భోజనం చేసినట్టుండదు. చివర్లో పెరుగన్నం బదులు గ్లాసు పలచటి మజ్జిగ. రాత్రి ఏడున్నరకల్లా జొన్నరొట్టె, లేదంటే రెండు పెసరట్లు. పప్పు, గుడ్డు, చేప తగ్గించకండి, ఆకలి ఆగేది వాటితోనే.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా అన్నం తగ్గించొద్దు. మావారు నన్ను చూసి తగ్గించారు. ఒకరోజు పదకొండింటికి చెమటలు పట్టి చేతులు వణికాయి. మిషన్‌తో చూస్తే షుగర్ 58 ఉంది. 70 కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. వెంటనే పంచదార నీళ్లు ఇచ్చాను. తర్వాత డాక్టర్ మాత్ర డోసు తగ్గించారు. ఆ భయం ఇంకో ఇంట్లో ఎవరూ పడకూడదు.

ఇక నడక. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. సీతానగరం వైపు చివరిదాకా వెళ్లి వస్తే రెండున్నర కిలోమీటర్లు. మొదటి నెల సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం చాలు. వారానికి కనీసం 150 నిమిషాలు పెట్టుకోండి. మన ఎండలకు మే నెలలో ఐదింటికే బయల్దేరాలి. వారంలో రెండు రోజులు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, మోకాళ్లకు బలం వస్తుంది.

బరువు వారానికొక్కసారి, పొద్దున్నే ఏమీ తినకముందు చూసుకోండి. నెలకోసారి టేపుతో బొడ్డు దగ్గర చుట్టుకొలత రాసుకోండి. ఐదో నెలలో నా బరువు ఐదు వారాలు కదల్లేదు, కానీ టేపు రెండంగుళాలు తగ్గింది. టేపు కూడా కదలకపోతే అన్నం ఇంకా కోసేసుకోకండి. నోట్‌బుక్ తీసి మళ్లీ ఒక వారం రాయండి. పదో నెలలో అలా రాస్తే, సాయంత్రం గుప్పెడు అనుకుంటున్న వేయించిన వేరుశనగలు రెండు గుప్పిళ్లయ్యాయని బయటపడింది.