క్యాలరీల లెక్క – నాలుగో పాఠం: ముందు నూనె సీసా తూచండి

మూడో పాఠంలో వారం రోజుల పాటు తిన్నదంతా తూచి రాయమన్నాను. చాలామంది రాశారు, కొందరు తమ పుస్తకాల ఫొటోలు కూడా పంపారు. అవి చూశాక ఈసారి పాఠం మార్చాల్సి వచ్చింది. అసలు ఈ వారం ఖర్చయ్యే క్యాలరీల గురించి చెప్పాలనుకున్నాను. దాన్ని చివరికి జరిపాను. ముందు వంటింట్లో తేలాల్సిన లెక్కలున్నాయి.

కొందరికి రోజు మొత్తం 4,000 దాటింది. కొందరికి 1,100 కూడా రాలేదు, కానీ బరువు అలాగే ఉంది. ఇంకొందరు అంకెలు చూసి భయపడి రాత్రి అన్నం మానేశారు. మానేసినవాళ్లు ఈ రాత్రి నుంచే మళ్లీ తినండి. లెక్క సరిగ్గా తేలకముందే కోత పెడితే నీరసం తప్ప ఏమీ మిగలదు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడగకుండా తిండి తగ్గించొద్దు. రాసుకోవడం మాత్రం ఎవరైనా చేయొచ్చు.

4,000 దాటినవాళ్ల సంగతి తేలిక. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికలు చూడమని చెప్పాను కదా. ఆ పట్టికల్లో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. 100 గ్రాముల బియ్యానికి 1,491 అని ఉంటుంది. దాన్ని 4.184తో భాగిస్తే 356. మనం మామూలుగా క్యాలరీలు అనుకునేది ఈ 356నే. కాబట్టి ఆ పుస్తకంలోంచి ఏ అంకె తీసుకున్నా ముందు భాగించి, తర్వాతే రాసుకోండి.

రెండో తికమక బియ్యానికీ అన్నానికీ మధ్య. 356 అనేది బియ్యానిది. కంచంలో ఉన్నది అన్నం. మా ఇంట్లో 300 గ్రాముల సోనా మసూరి వండితే సుమారు 840 గ్రాముల అన్నం అవుతుంది. పెరిగిన బరువంతా నీళ్లే, నీళ్లలో క్యాలరీలు లేవు. 300 గ్రాముల బియ్యంలో ఉన్న 1,068 క్యాలరీలే ఆ 840 గ్రాముల్లో సర్దుకున్నాయి. అంటే గ్రాముకి 1.27. కంచంలో 200 గ్రాముల అన్నం పెట్టుకుంటే 254. దాన్నే బియ్యం అంకెతో గుణించినవాళ్లకి 712 వచ్చింది, ఆ 712 చూసే రాత్రి అన్నం మానేశారు.

మీ ఇంట్లో ఈ 1.27 రాకపోవచ్చు. మెత్తగా వండితే తగ్గుతుంది, పలుకుగా వండితే పెరుగుతుంది. రోజూ ఒకే గ్లాసుతో బియ్యం, ఒకే కొలతతో నీళ్లు పోసే ఇంట్లో ఒక్కసారి కనుక్కుంటే చాలు. గంజి వార్చే ఇళ్లలో కొంత పిండి గంజితో పోతుంది. దాన్ని నేను పట్టించుకోను, మీరూ వదిలేయండి.

ఇదే పద్ధతి ప్రతి కూరకీ పనికొస్తుంది. గిన్నెలోకి వెళ్లినవన్నీ పచ్చిగా తూచి క్యాలరీలు కూడండి. ఉడికాక కూర మొత్తం తూచి, ఆ కూడికని కూర బరువుతో భాగించండి. గ్రాముకి ఎంతో వస్తుంది. ఆ తర్వాత మీ వాటా తూచుకుంటే సరిపోతుంది. స్కేల్ మీద గిన్నె పెట్టి సున్నా చేసుకోవడం మొదటి పాఠంలోనే అయిపోయింది కాబట్టి మళ్లీ చెప్పను. కూరతో ఉన్న గిన్నెలోంచి ఖాళీ గిన్నె బరువు తీసేయడానికి మాత్రం నాదొక అడ్డదారి ఉంది. ఇంట్లో రోజూ వాడే గిన్నెలు, మూకుళ్లు, కుక్కర్ పాత్ర అన్నీ ఒకసారి ఖాళీగా తూచి, బరువులు ఒక కాగితం మీద రాసి వంటింటి అలమర తలుపుకి లోపలివైపు అంటించాను. మన స్టీలు గిన్నెల మీద ఎలాగూ పేర్లు చెక్కి ఉంటాయి, ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం కాదు.

గుత్తి వంకాయ కూర తీసుకుందాం. వంకాయలు అర కిలో, 125 క్యాలరీలు. ఉల్లిపాయలు 100 గ్రాములు, 50. పల్లీలు 40 గ్రాములు, 210. నువ్వులు 20 గ్రాములు, 105. చింతపండూ మిగతావీ కలిపి 20. నూనె 60 గ్రాములు, 540. అన్నీ కలిపితే 1,050. కూర దగ్గరపడ్డాక 700 గ్రాములు వచ్చింది, గ్రాముకి 1.5. మీరు వేసుకున్నది 130 గ్రాములైతే 195. యాప్‌లో ‘వంకాయ కూర’ అని వెతికితే వచ్చే అంకె ఎవరో ఎక్కడో వండిన కూరది, అందులో ఎంత నూనె పోశారో మీకు తెలియదు. ఇంటి కూరలకి యాప్‌లో తయారుగా ఉన్న అంకెలు నేను అస్సలు వాడను.

ఈ కూరలో సగానికి పైగా క్యాలరీలు నూనెవే. 1,100 రాసి బరువు తగ్గనివాళ్ల లెక్క సరిగ్గా ఇక్కడే తప్పింది.

దీన్ని గట్టిగానే చెప్తాను. నాకు వచ్చిన పుస్తకాల్లో వంకాయని గ్రాములతో సహా రాశారు, కరివేపాకు కూడా తూచారు. నూనె దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ ‘2 స్పూన్లు’ అని రాసి ఊరుకున్నారు. ఏ స్పూను? టీ చెంచా అయితే 5 మిల్లీలీటర్లు, నాలుగున్నర గ్రాములు, 40 క్యాలరీలు. కొలత టేబుల్ స్పూను అయితే 120. పోపు గరిటె అయితే ఇంకా ఎక్కువ, అది ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. పైగా చాలా ఇళ్లలో నూనె స్పూనుతో పోయరు. సీసా వంచి మూకుట్లోకి పోసి, అడుగు తడిసిందనిపించాక ఆపుతారు. పోసేటప్పుడు సన్నని ధారే కనిపిస్తుంది, తూచి చూస్తే 35, 40 గ్రాములుంటుంది. ‘2 స్పూన్లు’ అనేది కొలిచిన మాట కాదు, తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది. వంకాయలో 50 గ్రాములు అటూ ఇటూ అయితే తేడా 12 క్యాలరీలు. నూనెలో 50 గ్రాములు తప్పితే 450. మన వంటల్లో దేన్ని ముందు తూచాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

అందుకే నూనెని స్పూనుతో కొలవకండి. నూనె సీసానే తూచండి. వంట మొదలుపెట్టే ముందు సీసా స్కేల్ మీద పెట్టి అంకె రాసుకోండి, పోయడం అయ్యాక మళ్లీ పెట్టండి. ముందు 812, తర్వాత 756 ఉంటే పోసింది 56 గ్రాములు, అంటే 504 క్యాలరీలు. జిడ్డు స్పూను కడగక్కర్లేదు, వండే చెయ్యి ఆగక్కర్లేదు. పది సెకన్ల పని ఇది. ఎన్నిసార్లు పోపు పెట్టినా మొదటి తూకం, చివరి తూకం ఉంటే చాలు.

వేపుళ్లకి, బజ్జీలకి కూడా ఇంతే. మూకుట్లో పోసిన నూనె ఎంతో తెలుసు కదా. మొత్తం వేయించాక నూనె పూర్తిగా చల్లారనిచ్చి, వడకట్టి మళ్లీ తూచండి. తగ్గినదంతా బజ్జీల్లోకి వెళ్లిందని రాసేయండి. వేడి నూనెని మాత్రం స్కేల్ దగ్గరికి తీసుకురావద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ఏ నూనె అని అడిగినవాళ్లకి: నువ్వుల నూనె, వేరుశనగ నూనె, గానుగ నూనె, కొబ్బరి నూనె, ఆలివ్ నూనె, అన్నీ గ్రాముకి 9 క్యాలరీలే. నెయ్యి కూడా దాదాపు అంతే. గానుగలో ఆడించిన నూనె రుచి నాకూ ఇష్టమే, మా ఇంట్లో అదే వాడతాం. అయినా దాని పక్కన రాసే అంకె మారదు.

ఇప్పుడు మీ పుస్తకాన్ని కిరాణా బిల్లుతో సరిచూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు, అంటే దాదాపు 8,190 క్యాలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకి 30 గ్రాములు, 270 క్యాలరీల పైన. ఆరు లీటర్లయితే 45 గ్రాములు, 400 దాటింది. మీ పుస్తకంలో రోజుకి 10 గ్రాములే ఉంటే మిగతా నూనె రాయనిచోటికి వెళ్తోందన్నమాట. పప్పులో పోపు, చారులో పోపు, రోటి పచ్చడికి మళ్లీ పోపు. దోశ పెనం మీద చుట్టూ వేసిన నూనె. మధ్యాహ్నం అప్పడాలు. కారప్పొడిలో కలుపుకున్న నెయ్యి. ఆవకాయ ఊట. ఆవకాయకి నేను ముక్కతో ఒక చెంచాకి 40 అని, ఊట కలుపుకుంటే 80 అని అంచనాగా రాసేస్తాను. అంతకంటే లోతుకి వెళ్లను.

నూనె మానేయమని నేను చెప్పడం లేదు. నూనె లేని గుత్తి వంకాయ నాకు సహించదు. ఉన్నది ఉన్నట్టు పుస్తకంలోకి రావాలి, నేనడిగేది అదే. ఒక చిన్న విషయం: ఇలాంటి కూరల్లో నూనె పైకి తేలుతుంది. పైన తీసుకున్నవాళ్లకి ఎక్కువ, అడుగున తీసుకున్నవాళ్లకి తక్కువ పడుతుంది. వడ్డించే ముందు ఒకసారి కలిపితే గ్రాముకి 1.5 అన్న లెక్క అందరికీ సరిపోతుంది.

వంట చేసేది అమ్మో అత్తయ్యగారో అయితే ఇదంతా ఎలా అని చాలామంది అడిగారు. వాళ్ల పక్కన స్కేల్ పట్టుకుని నిలబడకండి, ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. పొద్దున వంట మొదలవ్వకముందు సీసా తూచండి, రాత్రి అందరూ తిన్నాక మళ్లీ తూచండి. తేడాని ఇంట్లో తిన్నవాళ్ల సంఖ్యతో భాగించి మీ వాటా రాసుకోండి. ఎవరు ఏ కూర ఎక్కువ వేసుకున్నారో దీనిలో తేలదు. అయినా ‘2 స్పూన్లు’ కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

ఇక ఖర్చు సంగతి. స్మార్ట్ వాచీలో 400 క్యాలరీలు ఖర్చయినట్టు కనిపించింది కాబట్టి సాయంత్రం సమోసాలు తిన్నామని రాసినవాళ్ల కోసం ఇది. 70 కిలోల మనిషి గంటకి 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే మొత్తం 245 క్యాలరీలు ఖర్చవుతాయని అంచనా. అందులో 70 ఆ గంట ఊరికే కూర్చున్నా అయ్యేవే. నడక వల్ల అదనంగా అయినవి 175. ముప్పై గ్రాముల జీడిపప్పు తింటే అవి తిరిగొచ్చేస్తాయి. కొన్ని వాచీలు మొత్తం అంకె చూపిస్తాయి, కొన్ని అదనపుది చూపిస్తాయి, కొన్ని రెండూ చూపిస్తాయి. పైగా రెండో పాఠంలో మీ రోజువారీ అవసరం లెక్కకట్టినప్పుడు ‘రోజూ నడుస్తాను’ అన్న గుణకం వేసుకున్నారు కదా. ఆ నడకని వాచీలోంచి తీసి మళ్లీ కలిపితే ఒకే నడకని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. నా పద్ధతి ఒక్కటే: వాచీ అంకెని తిండి లెక్కలోకి రానివ్వను. నడవండి, బాగా నడవండి, గుండెకీ మోకాళ్లకీ మంచిది. దాని పేరు చెప్పి అదనంగా తినొద్దు.

బరువు గురించి కూడా ఒక మాట. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. రోజుకి 500 తక్కువ తింటే వారానికి 3,500, అంటే అర కిలో లోపే. ఉప్పు ఎక్కువైన కూర, ఒక బిర్యానీ, ఆడవాళ్లకి నెలసరి ముందు రోజులు, వీటివల్ల ఒంట్లో నీళ్లు నిలిచి బరువు ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. అర కిలో తగ్గింది ఆ నీళ్ల వెనక కనపడదు. పొద్దున్నే తూచుకుని రాయండి, ఏడు రోజుల సగటుని కిందటి వారం సగటుతో పోల్చండి. ఏ ఒక్క రోజు అంకె చూసీ టెన్షన్ పడొద్దు.

అభ్యాసం ఈసారి కాస్త బరువుగానే ఉంటుంది. ముందు ఈ లెక్క చేయండి. టమాటా పప్పు: కందిపప్పు 150 గ్రాములు, 100 గ్రాములకి 330 చొప్పున. టమాటాలు 200 గ్రాములు, 100కి 20 చొప్పున. పోపుకి ముందు నూనె సీసా 645, తర్వాత 627. ఖాళీ గిన్నె 640, పప్పుతో కలిపి 1,480. మీరు వేసుకున్నది 180 గ్రాములు. మీకు 149 దగ్గర్లో రావాలి. 115 వచ్చిందంటే సీసా తూకం వదిలేశారు. 85 వచ్చిందంటే గిన్నె బరువు తీయలేదు.

తర్వాత ఏడు రోజులు, పొద్దునా రాత్రీ నూనె సీసా తూకం రాయండి. నెయ్యి గిన్నెకి కూడా అలాగే. ఒక్క పూట కూడా వదలకండి. ఈ వారం కూరగాయలు తూచకపోయినా పర్వాలేదు. దానితోపాటు మీ ఇంట్లో తరచుగా వండే ఐదు వంటలకి గ్రాముకి ఎన్ని క్యాలరీలో కట్టి, పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టుకోండి. అన్నం, పప్పు తప్పకుండా ఉండాలి. మూడోది దోశ కావాలి: తూచిన పిండి, పెనం మీద నూనెతో సహా, ఒక్కో దోశకి ఎంతో తేల్చండి. వచ్చే పాఠంలో హోటల్ టిఫిన్‌కి అంచనా కట్టేటప్పుడు ఆ అంకె దగ్గర్నుంచే మొదలుపెడతాం.