ఫైల్ షేరింగ్ సేవ నడిపేవారు కాపీరైట్ బాధ్యత విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలో ఫైల్ షేరింగ్ సేవను ప్రారంభించదలచినవారు సాఫ్ట్‌వేర్ కంటే ముందు, ఆ సేవ గురించి తాము బయట చేస్తున్న ప్రచారాన్ని, లోపల రాసుకుంటున్న మెయిళ్లను పరిశీలించుకోవాలి. చట్టబద్ధమైన ఉపయోగాలు గణనీయంగా ఉన్న పరికరాన్ని అమ్మినంత మాత్రాన, కొన్నవారు చేసిన ఉల్లంఘనకు తయారీదారు బాధ్యుడు కాడని 1984లో సోనీ వీడియో రికార్డర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే 2005లో ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ గ్రాక్‌స్టర్‌పై వచ్చిన కేసులో అదే కోర్టు, ఉల్లంఘనను ప్రోత్సహించే ఉద్దేశంతో సాధనాన్ని అందించినవారు వినియోగదారుల తప్పుకు జవాబు చెప్పవలసిందేనని ఏకగ్రీవంగా తేల్చింది. అంతకుముందు పాటల ఫైళ్ల మార్పిడికి పేరుపడ్డ నాప్‌స్టర్ సేవను వాడినవారిని తమవైపు తిప్పుకోవాలని చూడడం, ఉల్లంఘించే ఫైళ్ల వడపోతకు ఏ ప్రయత్నమూ చేయకపోవడం, వాడకం పెరిగేకొద్దీ ప్రకటనల రాబడి పెరిగేలా వ్యాపారాన్ని మలచుకోవడం అక్కడ ఉద్దేశానికి సాక్ష్యాలయ్యాయి. ఉద్దేశానికి వేరే సాక్ష్యం లేనప్పుడు, వడపోత లేకపోవడం ఒక్కటే బాధ్యత మోపడానికి చాలదని కూడా కోర్టు స్పష్టం చేసింది. నా దృష్టిలో ఈ తీర్పులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. బాధ్యతను తేల్చేది ఉద్దేశమే కనుక, కొత్త సినిమాలు ఉచితంగా దొరుకుతాయన్న ధ్వని ఒక్క ప్రకటనలోనూ వినిపించకూడదు.

ఫైళ్లు మీ సర్వర్లలోనే ఉంటే, 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం షరతులతో కూడిన రక్షణ కల్పిస్తుంది. ఫిర్యాదులు స్వీకరించే ప్రతినిధి వివరాలను కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించి, వెబ్‌సైట్‌లోనూ కనిపించేలా ఉంచాలి. ఆ నమోదును కనీసం మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి.

నోటీసు అందగానే అది ఏ రచనకు సంబంధించినది, ఫైలు ఏ లింకులో ఉంది, హక్కుదారు లేదా వారి తరఫువారి సంతకం ఉందా అన్నవి చూసి, సక్రమంగా ఉంటే జాప్యం లేకుండా ఫైలును తొలగించి వినియోగదారుకు తెలియజేయాలి. ఆయన అభ్యంతరం పంపితే దాని ప్రతిని ఫిర్యాదుదారుకు పంపాలి. దావా వేసినట్లు వారినుంచి సమాచారం రాకపోతే, 10 నుంచి 14 పనిదినాల మధ్య ఫైలును తిరిగి పెట్టాలి. నిర్దోషి అయిన వినియోగదారుకు ఉన్న ఆధారం ఇదే కాబట్టి ఈ మెట్టును దాటవేయడం అన్యాయం.

పదేపదే ఉల్లంఘించేవారి ఖాతాలను మూసివేసే విధానం రాసిపెట్టుకుంటే చాలదు, అమలు చేయాలి. ప్రతి ఫైలునూ కనిపెట్టి చూడాలని చట్టం కోరదు, కానీ ఉల్లంఘన కళ్లెదుట కనబడుతున్నా ఊరుకుంటే ఈ రక్షణ దక్కదు. ఉద్దేశపూర్వకమని తేలితే చట్టం నిర్దేశించిన పరిహారం ఒక్కో రచనకు 1,50,000 డాలర్ల వరకు ఉంటుంది కనుక, నోటీసు వచ్చిన తేదీ, తొలగించిన సమయం, ఖాతాపై తీసుకున్న చర్య ఎప్పటికప్పుడు నమోదై ఉండాలి.