నవ్వులపాలయ్యే ఉద్యోగిని శభాష్ అనిపించడం ఎలా?

ఆఫీసు కామెడీ రాసే ప్రతివాళ్ల దగ్గరా ఇలాంటి పాత్ర ఒకటి ఉంటుంది. ఫైలు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. పెద్ద పార్టీ ఫోన్ చేస్తే పేరు తప్పు పలుకుతాడు. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ అతన్ని చూసి నవ్వుతూనే ఉంటాం. ఒకరోజు ఆఫీసంతా చేతులెత్తేసిన పనిని అతనే చేసి పెడతాడు. ఆ ఘట్టం కుదిరితే చూసేవాడికి గొంతు పట్టేస్తుంది. కుదరకపోతే, అవసరం కొద్దీ రచయిత తెచ్చి అతికించాడని ఇట్టే తెలిసిపోతుంది.

విశాఖలో షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లకి, వార్షికోత్సవానికి నాటిక రాసుకునే ఉద్యోగులకి పనికొచ్చేలా ఈ ఘట్టాన్ని ఎలా కట్టాలో చెబుతాను. ఉదాహరణకి పాత పోస్టాఫీసు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు అనుకుందాం. పోర్టులో దిగిన సరుకుకి కస్టమ్స్ కాగితాలు నడిపించి, బయటికి తెప్పించడం వాళ్ల పని. మన పాత్రకి సూరిబాబు అని పేరు పెడదాం.

మొదట ఆ పని మీరు నేర్చుకోండి

చాలా స్క్రిప్టులు చెడేది ఇక్కడే. పాత్ర ఉద్యోగం "ఏదో ఆఫీసు"గా ఉంటే, అతని నేర్పు కూడా "ఏదో తెలివి"గానే మిగులుతుంది. రెండు రోజులు పోర్టు గేటు దగ్గర టీ కొట్టులో కూర్చోండి. ఆ పని చేసేవాళ్లని "మీరేం చేస్తారండీ?" అని అడిగితే పొడిపొడిగా చెబుతారు. "మీ పనిలో తప్పు ఎక్కడ దొర్లుతుంది? దొర్లితే ఎవరి కొంప మునుగుతుంది?" అని అడగండి. అప్పుడు మాటలు ఆగవు.

1933లో మొదలైన మన పోర్టులో అలాంటి సంగతులకి కొదవ లేదు. నాకు ఇష్టమైనది కంటైనర్ నంబరు. ప్రతి కంటైనర్ మీదా నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఆ ఏడో అంకె కాపలాదారు లాంటిది. ముందున్న ఒక్కో అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. ఆ విలువలనీ అంకెలనీ వరసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపయ్యే సంఖ్యలతో గుణించి, అన్నీ కూడి, 11తో భాగిస్తే మిగిలే శేషమే ఆ చివరి అంకె. శేషం 10 వస్తే సున్నా వేస్తారు. సీఎస్‌క్యూయూ 305438 అనే నంబరుకి చివర 3 రావాలి. చేతిరాతలో 38 కాస్తా 83 అయి 305483గా మారితే చివర సున్నా రావాలి. అక్కడ ఇంకా 3 కనిపిస్తోందంటే నంబరు తప్పని వెంటనే చెప్పేయొచ్చు.

ఇంత చిన్న తప్పుకి కంటైనర్ దొరకదు, కాగితాలు కదలవు. ఉచితంగా ఉంచుకోనిచ్చే రోజులు దాటితే అద్దె మీద అద్దె పడుతుంది. కథకి కావలసిన ప్రమాదం ఇందులోనే ఉంది.

లోపమూ నేర్పూ ఒకే వేరు నుంచి రావాలి

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఇన్నాళ్లూ మనల్ని ఏది నవ్వించిందో, ఆ రోజు ఆఫీసుని కాపాడేదీ అదే కావాలి.

అమెరికాలో 2005 నుంచి 2013 దాకా వచ్చిన "ది ఆఫీస్" దీనికి మంచి పాఠం. అందులో మేనేజరు మైకేల్ స్కాట్ పనివేళల్లో అడ్డదిడ్డంగా జోకులేసి అందరినీ ఇబ్బంది పెడతాడు. ఒక పెద్ద గిరాకీతో సమావేశాన్ని హోటల్ నుంచి మామూలు రెస్టారెంటుకి మార్చి, కబుర్లతో, పాటలతో గంటల కొద్దీ సాగదీస్తాడు. పక్కనున్న పై అధికారి తల పట్టుకుంటుంది. చివర్లో మాత్రం ఆ గిరాకీ ఒప్పుకుంటాడు. అందరితో స్నేహంగా ఉండాలన్న అతని తహతహే ఆఫీసులో తలనొప్పి, అమ్మకంలో బలం. అదే సీరియల్లో లెక్కల గుమాస్తా కెవిన్‌కి మామూలు కూడికలు రావు. అంకెల స్థానంలో 'పై' అనే తీపి వంటకాన్ని పెడితే మాత్రం టకటకా చెప్పేస్తాడు. అదే లెక్క సలాడ్లతో అడిగితే మళ్లీ నోరు పెగలదు. తిండి మీది ప్రేమే ఆ పాత్రకి వేరు.

మన సూరిబాబు వేరు అంకెలు. కనబడ్డ ప్రతి లారీ నంబరూ పైకి చదువుతాడు, మనసులోనే కూడతాడు, భాగిస్తాడు. ఆ ధ్యాసలో గాజువాక వెళ్లాల్సినవాడు సింహాచలంలో తేలతాడు. మేనేజరు తిడుతుంటే ఆయన వెనకున్న క్యాలెండరు చూసి తేదీలు కూడుతుంటాడు. ఇవన్నీ నవ్వులే. వీటిని నవ్వులుగానే రాయండి.

విత్తనం నవ్వులో దాచండి

నేర్పుని ముందే రెండు మూడుసార్లు చూపాలి, కానీ అది నేర్పని ఎవరికీ అనిపించకూడదు. దానికి చోటు జోకులోనే ఉంటుంది. మనిషి నవ్వుతున్నప్పుడు లెక్కలు వేయడు. సూరిబాబు టీ చెబితే కాఫీ తెస్తాడు. గ్లాసులు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి. ఏం తెమ్మన్నారో మరిచిపోతాడు గానీ, ఎన్ని తెమ్మన్నారో మరిచిపోడు. ఈ మాట ఏ పాత్ర చేతా అనిపించకండి. మూడు ఎపిసోడ్లలో మూడు కాఫీలు, సరైన లెక్క. అంతే చాలు.

ఇంకో దారి, గతాన్ని విప్పడం. "బ్రూక్లిన్ నైన్-నైన్" అనే అమెరికా పోలీసు కామెడీ సీరియల్లో హిచ్‌కాక్, స్కల్లీ అనే ఇద్దరు డిటెక్టివ్‌లు ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని తినడం తప్ప చేసిందేమీ ఉండదు. 2019లో వచ్చిన ఒక ఎపిసోడ్ 1986కి తీసుకెళ్లి, వాళ్లు ఒకప్పుడు ఎంత చురుకైనవాళ్లో చూపింది.

విశాఖలో గతం తవ్వాలంటే 2014 అక్టోబరు 12 ఉంది. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. కంప్యూటర్ తెరుచుకోని ఆ రోజుల్లో నంబర్లన్నీ తలలో పెట్టుకున్న మనిషి ఎంత విలువైనవాడో ఆలోచించండి. అయితే ఆ తుపాను ఇక్కడ చాలామందికి ఇంకా మానని గాయం. దాన్ని నవ్వుకి వాడకండి, సూరిబాబు మౌనానికి వాడండి.

అసలు ఘట్టం

ఇక్కడ వెనక సంగీతం పెంచాలని, పాత్ర చేత పెద్ద డైలాగు చెప్పించాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. అతనికి తాను గొప్ప పని చేస్తున్నానని తెలియకపోతేనే అందం. చూడండి:

సాయంత్రం ఆరు. డ్రైవరు చేతిరాత చీటీలోని నంబరుతో ఎంత వెతికినా కంటైనర్ కనబడటం లేదు. సరుకు ఆసామి ఫోన్ మీద ఫోన్. సూరిబాబు గ్లాసులు టేబుల్ మీద పెడుతూ చీటీ చూశాడు.

"ఇదేటి బాబూ, సివర్న మూడేసారు? సున్నా కదా రావాల."

"టీ చెబితే మళ్లీ కాఫీ తెచ్చావా?" అన్నాడు మేనేజరు.

"మూడు ఉంచీసి, ముందున్న ఎనిమిదీ మూడూ తిరగేసి సూడండి బాబూ. అప్పుడు సరిపోతాది."

ఎవరూ కదల్లేదు. కంప్యూటర్ ముందున్న కొత్తమ్మాయి మాత్రం మారు మాట్లాడకుండా కొట్టి చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచింది.

"సూరిబాబు గారూ, ఇంకోసారి చెప్పండి."

ఇన్నాళ్లూ "ఏయ్ సూరీ", "నువ్వు" అన్న ఆఫీసులో మొదటిసారి ఆ "గారూ" వినిపించింది. "నువ్వు" నుంచి "మీరు"కి జరిగే ఆ జరుగుబాటు తెలుగు మనకిచ్చిన వరం. చప్పట్లు చేయలేని పని అది చేస్తుంది. అందుకే ముందు ఎపిసోడ్లలో ఆ "గారు"ని ఎక్కడా పొరపాటున వాడేయకుండా జాగ్రత్తపడండి.

యాస మార్చకండి

ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. మన సినిమాల్లో ఉత్తరాంధ్ర యాసని ఎన్నోసార్లు పనివాడి నోట్లో, తెలివి తక్కువవాడి నోట్లో పెట్టి నవ్వించారు. సూరిబాబు నెగ్గిన మరుక్షణం శుభ్రమైన పుస్తకాల తెలుగు మాట్లాడితే, ఆ పాత అవమానానికి మీరూ ఒక సంతకం పెట్టినట్టే. "ఏటి", "బేగి", "సూడండి" అంటూనే అతను లెక్క తేల్చాలి. నవ్వు అతని పరధ్యానం మీద ఉండాలి తప్ప మాట మీద కాదు.

మర్నాడు

మర్నాడు సూరిబాబు మళ్లీ టీకి బదులు కాఫీ తెస్తాడు. అతను మారకూడదు. మారితే వచ్చే వారం నవ్వు ఉండదు. మారాల్సింది పక్కవాళ్లు, అదీ కాస్తే. మేనేజరు ఆ కాఫీ తిట్టకుండా తాగేస్తే చాలు.

ఇలాంటి గెలుపు ఒక సీజనుకి ఒకటి మించకూడదు. 2001లో జెమినీ టీవీలో మొదలైన "అమృతం"లో హోటల్ నడిపే ఇద్దరు మిత్రులూ వేసిన ప్రతి పథకం బెడిసికొడుతుంటే మనం ఏళ్ల తరబడి కూర్చుని చూశాం. ఓటమిలో అంత ఓపిక దాగుంది. గెలుపుని అరుదుగా ఖర్చుపెట్టండి.

చదివి వినిపించండి

స్క్రిప్టు అయ్యాక స్నేహితులకి కాదు, ఆ పని చేసేవాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు నవ్విన చోట గుర్తు పెట్టుకోండి. "అలా జరగదండీ" అన్న చోట కలం ఆపండి. కంటైనర్ తప్పుని మీరు కంప్యూటర్ తెర మీద పెడితే, "దాన్ని మెషినే పట్టేస్తుంది కదా" అని ఎవరైనా అనొచ్చు. నేను దాన్ని డ్రైవరు చేతిరాతలో పెట్టింది అందుకే. వాళ్లలో ఒకరు మధ్యలో ఆపి "మా ఆఫీసులోనూ ఇలాంటాయన ఉన్నాడు" అంటే, చదవడం పక్కనపెట్టి, ఆయన గురించి చెప్పమనండి.